నూరిండ్ల బొంత

(గ్రంథాలయ రజతోత్సవముల సందర్భమున రామతీర్థములో జరిగిన మహిళా సభయందు చేసిన ప్రసంగము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయక నిలిచినదనగా అది సామాన్య విషయము కాదు. ఇట్టి పండుగనాడు పండితులు సాహిత్యమును గూర్చియు, చరిత్రమును గూర్చియు ప్రసంగించుట సహజము. నేను పండితురాలను గాను. పెక్కేండ్లు బాలికలకు కుట్టుపని నేర్పినదానను. నాకు తెలిసినవి సూది, దారము, కత్తెర. నాకు తెలిసిన వస్తువును గూర్చియే మాటలాడుదునని చెప్పి ఈ వేదిక యెక్కితిని. ఆ వస్తువు బొంత.

గ్రంథాలయ సభలో బొంతకేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. “గంతకు తగిన బొంత” యని సామెత చెప్పి బొంతను వేళాకోళము చేయుట మనకు అలవాటే. అయినను నేను మనవి చేయబోవునది ఒక మంచిపని. పలువురి ఇండ్ల గుడ్డముక్కలు ఒకరితో నొకరు మార్చుకొని, వానిని కలిపి బొంతలు కుట్టి, చలికి వణకు పసిబిడ్డలకు కప్పవలెను. ఈ పనిలో దానమును గూర్చి మనము నేర్చుకొనవలసిన సంగతి యొకటి ఉన్నది. అది చెప్పుటకే లేచితిని.

బొంత యనగా నేమో మీకు చెప్పనక్కరలేదు. చిరిగిన చీరలు, పాతబడిన పంచెలు పొరలు పొరలుగా పఱచి, దబ్బనముతో దగ్గరదగ్గరగా కుట్లు వేసినది బొంత. పఱచుకొన్న పక్క యగును, కప్పుకొన్న దుప్పటి యగును. అతుకుల వస్త్రమునకు సంస్కృతమున కంథ యని పేరు. వంగదేశమున ఆ పేరు కాంథాయై నేటికిని నిలిచియున్నది. అక్కడి స్త్రీలు పాతచీరల అంచులనుండి రంగు పోగులు లాగి, ఆ పోగులతోనే పాతగుడ్డపై పూలు, చేపలు, పక్షులు కుట్టెడివారు. బీహారులో దానిని సుజని యందురు. మహారాష్ట్రమున గోధడి యందురు. కర్ణాటకములో ఉత్తర కన్నడ జిల్లా అడవులయందు సిద్దీలని యున్నారు. వారు ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతి. వారి స్త్రీలు కుట్టు బొంతకు కవంది యని పేరు. నాలుగు మూలలయందును గుడ్డ మడిచి పూవు కుట్టనిదే ఆ కవంది పూర్తియైనట్లు వారు తలపరు. పేదరాలి బొంతకును పూవు కావలెనను ఆ పట్టుదల నాకు మిక్కిలి ఇష్టము.

మన ఇండ్లలో బిడ్డ పుట్టగానే క్రొత్తగుడ్డ తొడుగు ఆచారము లేదు. ఉతికి ఉతికి వెన్నవలె మెత్తబడిన పాత నూలుచీర ముక్కలే బిడ్డకు పొత్తిళ్ళు. క్రొత్తగుడ్డకు గంజి యుండును, బిరుసుతనముండును. పసిచర్మము దాని ఒరిపిడికి ఓర్వలేదు. నూలుగుడ్డ ఉతికినకొలది మెత్తనగును, తడిని బాగుగా పీల్చును. మన అమ్మమ్మలు ఈ సంగతిని ఏ గ్రంథమునను చదువలేదు. చేతితో తాకి తెలిసికొనిరి. మానవుడు ఈ లోకములోనికి రాగానే మొదట కప్పుకొనునది ఇతరులు కట్టి విడిచిన గుడ్డయే యన్నమాట. రాజైనను, కూలివాడైనను ఈ ఋణముతోనే జీవితము మొదలుపెట్టుచున్నాడు.

ఇంకొక ఆచారమును జ్ఞాపకము చేసెదను. మన విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలలో తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అను పేర్లు ఊరూర వినబడును. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, మరల బిడ్డ పుట్టగానే ఆ బిడ్డను తవుడుకు ఇచ్చి తిరిగి పుచ్చుకొన్నట్లు చేసి ఆ పేరు పెట్టెడిది. పెంటయ్య, పుల్లయ్య యను పేర్లును అట్టివే. “ఈ బిడ్డ నా యొక్కదాని సొత్తు కాదు, నలుగురి బిడ్డ” యని మృత్యువుతో చెప్పుకొనుట అందలి భావము.

ఇదే భావము చైనా దేశమున గుడ్డరూపమున కనబడుచున్నది. అచ్చట బిడ్డ పుట్టిన ఇంటివారు ఇరుగుపొరుగు ఇండ్లకు, బంధువుల ఇండ్లకు పోయి ఒక్కొక్క గుడ్డముక్క అడిగి తెచ్చి, వానినన్నిటిని కలిపి బిడ్డకు అంగీ గాని, బొంత గాని కుట్టెడివారు. దానికి వారి భాషలోని పేరును తెలుగు చేసినచో ‘నూరిండ్ల వస్త్రము’ అగును. నూరు అనగా లెక్కకు నూరని కాదు, పెక్కిండ్లని యర్థము. పెక్కిండ్ల దీవెన బిడ్డను కాచునని వారి నమ్మకము. మధ్య ఆసియాలో ఉజ్బెకు స్త్రీలు కూడ పసిపిల్లలకు రక్షగా అతుకుల గుడ్డలు కుట్టు వాడుక కలవారు.

తవుడు బిడ్డలను బ్రదికింపలేదు, గుడ్డముక్కలును బ్రదికింపలేదు. బిడ్డలను బ్రదికించుచున్నవి టీకాలు, మంచినీరు, ప్రసవాలయములు, తల్లికి చాలినంత తిండి. ఈ విషయమున మనకు సందేహముండరాదు. కాని ఆ నమ్మకములలో ఒక సత్యము దాగియున్నది. బిడ్డను కాపాడుట ఒక ఇంటికి మించిన పని. ఆ సత్యమును మాత్రము మనము పాతగుడ్డలతోపాటు పాఱవేయరాదు.

ముక్కల వస్త్రము ఈ యూరికి క్రొత్త కాదు. శ్రీరామనవమికి కల్యాణము చూడవచ్చు యాత్రికులు కోవెలను దర్శించి మరలిపోదురు. కాని మన గురుభక్తులకొండమీద బౌద్ధ చైత్యముల, విహారముల శిథిలములున్నవి. దుర్గకొండమీద జైన తీర్థంకరుల శిల్పములున్నవి. బౌద్ధ భిక్షువులు ఎట్టి వస్త్రము ధరింపవలెనో వినయపిటకములోని మహావగ్గము చెప్పుచున్నది. బుద్ధుడు దక్షిణగిరికి పోవుచు, గట్లతోను అడ్డుగట్లతోను తీర్చియున్న మగధదేశపు పొలములను చూచి, ఇట్టి వస్త్రములను భిక్షువులకు కుట్టగలవా యని ఆనందుని అడిగెనట. ఆనందుడు మళ్ళవలె ముక్కలును, గట్లవలె అతుకులును గల చీవరమును సిద్ధము చేసెను. కత్తిరించి అతికిన గుడ్డ విరాగులకు తగినది. దానిని అపహరింప నెవ్వరికిని ఆశ పుట్టదు.

వర్షావాసము ముగిసిన పిమ్మట గృహస్థులిచ్చిన గుడ్డను భిక్షువులందరు కలిసి ఒక్క దినములోనే కత్తిరించి, కుట్టి, రంగు వేసి చీవరము చేయు ఆచారము మరియొకటి కలదు. దానికి కఠినమని పేరు. శ్రీలంక, థాయిలాండు, మయన్మారు దేశములలో ఆ ఉత్సవము నేటికిని జరుగుచున్నది. గుడ్డ ఇచ్చినది ఇండ్లవారు, కుట్టినది సంఘమువారు. వస్త్రముపై ఏ ఇంటి పేరును ఉండదు. మన కొండమీది విహారములలో వసించినవారును ఆ సంఘమువారే గదా! కొండమీద అతుకుల వస్త్రములు ధరించినవారు తిరిగిన యూరిలో, కొండక్రింద అతుకుల బొంత కుట్టుమని నేనడుగుట వింత కానేరదు.

ఇక దానము మాటకు వచ్చెదను. పాతబట్టలు దానము చేయుట మనకు క్రొత్తకాదు. కాని అది ఎట్లు చెడిపోవునో కూడ చెప్పుకొనవలెను. 2004 డిసెంబరు 26వ తేదీనాటి సునామీ తరువాత తమిళనాడు తీరమునకు దేశము నలుమూలలనుండి లారీలకొలది పాతబట్టలు పోయినవి. అందు చిరిగినవి, మాసినవి, ఆ ప్రాంతమువారు కట్టని తీరువి ఎన్నో యుండినవి. నాగపట్టణము ప్రాంతమున బెస్తవారు వానిని ముట్టలేదు. అవి రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడియుండినవి. ఇల్లు పోయినది, పడవ పోయినది, కాని మానము పోలేదు. ఆ గుట్టలను చూచి వారు కృతఘ్నులని నిందించినవారు లేకపోలేదు. నా మట్టుకు నేను వారికి నమస్కరింతును. మనకు పనికిరానిది పరునికి పనికివచ్చునని తలచుటయే ఆ దానములోని లోపము. బీరువా ఖాళీ చేసికొనుట వేరు, ఇచ్చుట వేరు.

1999లో ఢిల్లీలో ఆరంభమైన గూంజ్ అను సంస్థ ఈ లోపమును చక్కగా గుర్తించినది. పాతగుడ్డలను ఏరి, ఉతికి, బాగుచేసి, ఊరివారు బావియో బాటయో తమకొరకు తాము బాగుచేసికొన్నపుడు ఆ శ్రమకు గౌరవముగా ఇచ్చుట ఆ సంస్థ పద్ధతి. కట్టుటకు పనికిరాని గుడ్డలను కలిపి సుజనీలుగా కుట్టింతురు. సంస్థ స్థాపకులు అంశు గుప్తాగారికి 2015లో మెగసెసే బహుమానము లభించినది. వారి పద్ధతిలో మనము గ్రహింపవలసినది ఇది: పుచ్చుకొనువాని తల వంగని తీరున ఇయ్యవలెను.

తల వంగకుండ ఇచ్చుటకు మన పల్లెలో సాధ్యమగు ఉపాయమేమి? మార్పిడియే ఆ ఉపాయమని నా విశ్వాసము. దాని లెక్క చెప్పెదను, వినుడు.

20 మంది స్త్రీలు కలిసిరనుకొనుడు. ప్రతి ఒకతెయు తన ఇంటి గుడ్డలతో ఒకే కొలత గల 20 ముక్కలు సిద్ధము చేయును. ఒక ముక్క తనకడ ఉంచుకొని, తక్కిన 19 మందికి ఒక్కొక్క ముక్క ఇచ్చును. వారినుండి ఒక్కొక్కటి పుచ్చుకొనును. అప్పుడు ఆమె చేతిలో మరల 20 ముక్కలే యుండును, కాని అవి 20 ఇండ్లవి. వానిని ఆమె అతికి ఒక బొంత కుట్టును. మొత్తము 400 ముక్కలు, 20 బొంతలు. ఒక్కొక్క బొంతయందును 20 మంది చేతులు. 20 మంది లేనిచో పదిమందియైన చాలును. ఒక్కొక్కరు ఒక్కొక్కరికి రెండేసి ముక్కలిత్తురు.

ఎవరి ముక్కలు వారే అతికి ఎవరి బొంత వారే కుట్టినను బిడ్డకు చలి తీరును గదా, ఈ మార్పిడి యెందుకని అడుగవచ్చును. నేను మూడు కారణములు చూచితిని. మొదటిది, మార్పిడిలో ప్రతివారును ఇచ్చువారే, ప్రతివారును పుచ్చుకొనువారే. ఇతరుల ఇంటి పాతగుడ్డను తన చేత పట్టుకొని కుట్టినదానికి, పాతగుడ్డ పుచ్చుకొనుటలోని మనస్సు తెలియును. రెండవది, కలిగినవారి బొంత, లేనివారి బొంత యని తేడా ఉండదు. పట్టణమునుండి తెచ్చిన చీర ప్రక్కనే పొలమునకు కట్టిన చీర కుదురుకొనును. మూడవది, నా ముక్క పొరుగామె చేతికి పోవునని తెలిసినపుడు నేను దానిని నిర్లక్ష్యముగా కత్తిరింపలేను. ఎవరికో పోవు దానమునకు సాక్షి లేడు. పొరుగామెకు పోవు ముక్కకు పొరుగామెయే సాక్షి.

ఇక పనితీరు. అనుభవము గల తల్లులు నా మాటలో తప్పున్న దిద్దవలెను.

గుడ్డ నూలుదే కావలెను. నైలాను, పాలియెస్టరు చీరలు చూపునకు అందముగా నుండును, చిరుగవు. కాని తడిని పీల్చవు, నిప్పు తగిలినచో కరిగి చర్మమునకు అంటుకొనును. నూలుగుడ్డయు అంటుకొని మండునదే. కావున ఏ బొంతయైనను కప్పి బిడ్డను చలిమంట దగ్గర కూర్చుండబెట్టరాదు. చీరలో కూర్చుండుచోటు, మోకాళ్ళచోటు ముందుగా పలుచబడును. పైటకొంగు, లోపలి చుట్టు గట్టిగా నుండును. గుడ్డను వెలుతురునకెత్తి చూచి, పోగులు విడిపోయినచోటు వదలివేయవలెను. సగము చీర పనికివచ్చినను అందులో 40 ముక్కలు దొరకును. అనగా ఒకతె వంతునకు ఒక్క పాతచీర మించిపోవును.

కత్తిరింపకముందే గుడ్డను వేడినీటిలో సబ్బుతో ఉతికి, మంచి యెండలో ఆరవేయవలెను. రంగు దిగునేమో తెలియుటకు తడిగుడ్డను తెల్లగుడ్డలో చుట్టి కొంతసేపుంచి చూడవలెను. ఒక్క ముక్క రంగు దిగినను తక్కిన 19 ముక్కలు పాడగును. ఇది కుట్టుపనిలో మాత్రమే గాక సంఘములో కూడ జ్ఞాపకముంచుకొనదగిన నీతి.

కొలత 10 అంగుళముల చదరము. అన్ని వైపుల అర అంగుళము కుట్టులోనికి పోగా 9 అంగుళములు కనబడును. ఈ కొలతకు ఒక మందపు అట్టను కత్తిరించి గ్రంథాలయములో ఉంచవలెను. అందరును ఆ అట్టనే పెట్టి గీత గీయవలెను గాని, ఎవరి జానతో వారు కొలువరాదు. ముక్కకు పావు అంగుళము తేడా వచ్చినచో ఐదు వరుసలకు అంగుళముంబావు తేడా వచ్చి బొంత వంకర పోవును. చదరము ఒకే గుడ్డ కావలెనను నియమము లేదు. ఐదున్నర అంగుళముల చిన్న చదరములు నాలుగు కలిపినను పది అంగుళములగును. మూడుంబావు అంగుళముల వెడల్పుగల పట్టీలు నాలుగు కలిపినను అంతియే. చిన్న పిల్లలకు మొదట పట్టీలు నేర్పుడు.

వరుసకు నాలుగు చొప్పున ఐదు వరుసలు అతికినచో 36 అంగుళముల వెడల్పు, 45 అంగుళముల పొడవు గల బొంత యగును. ఇది అంగన్వాడి వయస్సు బిడ్డకు చాలును. బడి పిల్లవానికి వరుసకు ఐదు చొప్పున ఏడు వరుసలు కావలెను; అది 45కు 63 అంగుళములు. దుప్పటి కొలదియే కాళ్ళు చాపుకొనుమని పెద్దలు చెప్పినది పెద్దలకు. పిల్లల కాళ్ళు పెరుగును గనుక వారి బొంత కాళ్ళకంటె నాలుగు వ్రేళ్ళు పెద్దదిగానే యుండవలెను.

చాపపై అడుగుగుడ్డను తిరగవేసి పఱచి, దానిపై పాతపంచెలు రెండు పొరలు, వానిపై అతికిన ముక్కలగుడ్డ పఱువవలెను. నడుమనుండి అంచులకు ముందు కచ్చాకుట్లు వేసికొని, పిమ్మట రెండు వ్రేళ్ళ యెడముతో వరుసలుగా కుట్టవలెను. అంచునుండి మొదలుపెట్టినచో నడుమ ముడుతలు పేరుకొనును. చుట్టును చీర అంచుతోనే పట్టీ వేయవచ్చును, కాని జరీ అంచు బిడ్డను గీరును. అద్దములు, పూసలు, గుండీలు, వ్రేలాడు త్రాళ్ళు పసిబిడ్డల బొంతకు పనికిరావు.

కుట్టు ముగిసిన తరువాత పేరు మాట వచ్చును. దీనిని గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను. అమెరికాలో 1840 ప్రాంతమున స్నేహితురాండ్రు ఒక్కొక్క ముక్క కుట్టి, దానిపై తమ పేరు వ్రాసి, దూరదేశము పోవు చెలికత్తెకు బొంతగా ఇచ్చు వాడుక బాగుగా వ్యాపించినది. అది జ్ఞాపకార్థము, అందు పేరు ఉండుట న్యాయమే. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అక్కడనే రెడ్ క్రాసు సంఘముకొరకు పేర్ల బొంతలు కుట్టిరి. కొంత పైకమిచ్చినవారి పేరు బొంతపై కుట్టెడివారు. దానివలన ధనము సమకూడినది. కాని కప్పుకొనువానికి ఆ పేర్లతో నేమి పని?

దీనికి ఎదురుగా మరియొక బొంత యున్నది. 1841లో రాజా అను ఓడ 180 మంది స్త్రీఖైదీలను ఇంగ్లండునుండి ఆస్ట్రేలియా ప్రక్కనున్న టాస్మానియా ద్వీపమునకు తీసికొనిపోయెను. చెరసాలలలోని స్త్రీలకొరకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై అను సాధ్వి నెలకొల్పిన సంఘమువారు ఆ ఖైదీలకు సూదులు, దారము, గుడ్డముక్కలు ఇచ్చి పంపిరి. సముద్రముమీద ఆ స్త్రీలు 2815 ముక్కలతో ఒక గొప్ప బొంత కుట్టి, తమకు ముక్కలిచ్చిన సంఘమువారికి కృతజ్ఞతగా దానిపై నాలుగు మాటలు కుట్టి అర్పించిరి. అది నేడు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో భద్రముగా నున్నది. కుట్టినవారిలో ఏ ఒక్కరి పేరును దానిపై లేదు. కొన్ని కుట్లు నేర్పరివి, కొన్ని క్రొత్తచేతివి. ఏది యెవరిదో చెప్పలేము. ఆ తెలియకపోవుటలోనే దాని గౌరవమున్నది.

మన బొంతపైన కూడ ఎవరి పేరును కుట్టరాదని నా మనవి. ఇచ్చినవారి పేరు బొంతపై నున్నచో, ఆ బిడ్డ ప్రతి రాత్రియు ఒకరి దయను కప్పుకొని నిద్రింపవలసి వచ్చును. పేరు లేని బొంత అతనిదే యగును. మార్పిడి ముక్కకుగల మహిమ ఇదియే. ఇచ్చినవారు ఇంతమంది యైనందున ఇచ్చినవారొకరు మిగులరు. ఋణము తీర్చవలసిన గుమ్మమేదో తెలియనపుడు, ఆ ఋణము ఊరికంతకు తీర్చవలెనని తోచును. రేపు ఆ బిడ్డ పెద్దదియై మరియొకరి బిడ్డకు ఒక ముక్క కుట్టిననాడు అది తీరును.

పేరు లేనిచో ఎవరు కుట్టుదురని నిరుత్సాహపడవలదు. గ్రంథాలయమున పుస్తకములకు జాబితా యున్నట్లే బొంతలకొక పుస్తకము పెట్టుడు. ప్రతి గుడ్డనుండి రెండంగుళముల తునక అందు అతికించి, అది ఎవరి ఇంటిదో, ఏ చీరదో ఒక పంక్తి వ్రాయుడు. బొంతమీద సంఖ్య మాత్రమే యుండును. 25 ఏండ్లకు, మీ స్వర్ణోత్సవమునాటికి, ఆ పుస్తకము ఈ యూరి నేతబట్టల చరిత్ర కాగలదు. పొందూరు ఖద్దరు ఎట్లుండెడిదో, పొలములో ఏ రంగు కట్టెడివారో, పెండ్లికేమి పెట్టెడివారో ఆనాటి పిల్లలు చేతితో తాకి తెలిసికొందురు.

ఒక కఠినమైన మాట కూడ చెప్పక తప్పదు. పూర్వము ఒక వీధివారి గుడ్డను మరియొక వీధివారు తాకని దినములుండెను. చట్టము మారినది, మాట మారినది. మనస్సులో ఆ మరక పూర్తిగా పోయినదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. ఈ మార్పిడి మీ వీధి ఆడపడుచుల నడుమనే జరిగినచో అది పేరంటమగును గాని మార్పిడి కాదు. ఊరిలోని అన్ని వీధులవారు, అన్ని పేటలవారు కూర్చుండవలెను. ముక్కలనన్నిటిని పెద్దబుట్టలలో కలిపి, చూడకుండ చేయిపెట్టి తీయవలెను. ఏది ఎవరిదని అడుగరాదు. 20 ఇండ్ల గుడ్డ ఒక దారమున నిలిచినపుడు, ఆ ఇండ్లవారు ఒక చాపమీద కూర్చుండలేరా? ఈ పరీక్షలో నెగ్గినచో మన బొంత నెగ్గినట్లే.

ఎవరికి ఇయ్యవలెను? చలి మనకు సముద్రపు గాలిచేత కొంత తక్కువ. పార్వతీపురము మన్యము, పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతములలో మార్గశిర పుష్యమాసములయందు రాత్రులు 10 డిగ్రీలకంటె దిగువకు పోవును. అక్కడి ఆశ్రమ పాఠశాలలలో పసివారు ఇల్లు విడిచి నిద్రించుచుందురు. తుఫానులు మన తీరమునకు చుట్టములవంటివి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినపుడు తడిసిన బిడ్డలకు పొడిగుడ్డ యొక్క విలువ మన కన్నులతో చూచితిమి. పూరిండ్లు కాలిన ఊళ్ళు నేటికిని వినుచున్నాము. కావున కొన్ని బొంతలు గ్రంథాలయమున ఎప్పుడును సిద్ధముగా ఉంచుకొనవలెను.

అయితే మొదటి బొంతలలో కొన్ని మన యూరి అంగన్వాడికే ఈయుడు. చీట్లు వేసి, ఏవి బయటికి పోవునో, ఏవి మన బిడ్డలకు వచ్చునో నిర్ణయింపుడు. తాను కుట్టినది తన మనుమరాలికే రావచ్చునని తెలిసిన అమ్మమ్మ తప్పుడుకుట్టు వేయదు. తన బిడ్డకు కప్పనొల్లని బొంతను పరబిడ్డకు ఈయరాదు. ఈ పనికంతకు ఇదొక్కటే నియమము.

ఏడాది నిండని శిశువుల విషయమున వైద్యుల మాట వినవలెను. నిద్రించు శిశువుపై మందపు కప్పు వేసినచో అది ముఖముమీదికి జరిగి ఊపిరికి అడ్డుపడును. అట్టివారికి బొంతను మడతలు, ముడుతలు లేక క్రింద పఱచుటయే మేలు. తక్కువ బరువుతో పుట్టిన శిశువునకు తల్లి రొమ్ముకంటె మించిన వెచ్చదనము లేదు. 1978లో కొలంబియా దేశమున బొగోటా నగరపు వైద్యులు శిశువును తల్లి యెదకు హత్తి కట్టు పద్ధతిని ఆరంభించిరి. నేడు ప్రపంచమంతటను దానిని ఆచరించుచున్నారు. బొంత ఆ తల్లి వీపునకు కప్పుడు.

బజారులో కొద్ది వందల రూపాయలకు రగ్గు దొరకుచుండగా ఇన్ని తిప్పలేలయని యువకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. తుఫాను రాత్రి ఏ రగ్గు ముందు వచ్చిన అదియే మంచిది. చందా వేసికొని కొనుడు. కాని కొన్న రగ్గు చలిని మాత్రమే తీర్చును. కుట్టిన బొంత కుట్టినవారిని కూడ మార్చును. మన యిండ్లలో బొంత కుట్టనేర్చిన ముసలితల్లులు నేడు అరుగులమీద ఊరక కూర్చుండియున్నారు. వారి చేతిలోని విద్య ఏ గ్రంథాలయమునను లేదు. ఒక్కొక్క ముసలితల్లి వెళ్ళిపోయినపుడు మనము చదువని గ్రంథమొకటి మూతపడుచున్నది. వారిచేత ఆ విద్యను చదివించుకొనుటకు ఈ బొంత యొక మిష. బాలికలే కాదు, బాలురును సూది పట్టనేర్వవలెను.

గ్రంథాలయమునకు దీనితో సంబంధమేమని ఇప్పుడైనను అడుగరని తలంతును. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయములవారు తొలిసారి సభ కూడిననాడు వారికడ ధనము లేదు. ఇంటింట అడిగి తెచ్చిన పుస్తకములుండెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పంపినపుడు చదువరి ఏ ఊరివాడని అడుగలేదు. ఒకరి ఇంటి పుస్తకము మరియొకరి చేతిలోనికి పోయి, చదువబడి, నలిగి, అందరిదియగును. గ్రంథాలయముకూడ నూరిండ్ల బొంతయే. మీరు 25 ఏండ్లుగా పుస్తకములతో చేయుచున్న పనినే గుడ్డముక్కలతో చేయుమని నేనడుగుచున్నాను.

కావున ఈ సభవారికి నా మనవి. వచ్చు శ్రావణమాసమునుండి ఆదివారపు మధ్యాహ్నములందు ఈ గ్రంథాలయపు వసారాను కుట్టుపనికి ఈయుడు. దినమునకొక ముక్క చొప్పున 20 దినములలో ఎవరి వంతు వారు ముగింపవచ్చును. దసరాకు మార్పిడి జరుగవలెను. కార్తికమాసము ముగియులోపున బొంతలు బిడ్డలకు చేరవలెను, ఏలయన చలి సంక్రాంతివరకు వేచియుండదు. భోగిమంటలో వేయదలచిన పాత నూలుచీర యున్నచో ముందు ఈ బుట్టలో వేయుడు. కత్తెరలు, దబ్బనములు ఇంటినుండి తెచ్చుకొనుడు. కొలత అట్టను నేను కత్తిరించి తెచ్చితిని. దానిని కార్యదర్శిగారికి ఇచ్చి పోవుచున్నాను.